తీర్పులో ఒక జడ్జి విభేదిస్తే ఆ మాటకు విలువ ఉంటుందా?

ఆ కేసు వరకు చూస్తే, లేదు. మెజారిటీ మాటే తీర్పు. అయినా ఒప్పుకోని జడ్జి తన అభిప్రాయాన్ని విడిగా ప్రకటించవచ్చని రాజ్యాంగంలోని 145(5) అధికరణే చెబుతోంది. ఫలితంతో ఏకీభవిస్తూ కారణాలు మాత్రం వేరుగా రాసేవారూ ఉంటారు. దాన్ని అసమ్మతి అనుకోకూడదు.

ఖరక్ సింగ్ కేసు చూడండి. దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసిన మనిషిపై ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా పెట్టారు. అర్ధరాత్రి వచ్చి తలుపు దగ్గర కేకలేసి నిద్ర లేపేవారు. 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ ఈ రాత్రి తనిఖీలను మాత్రమే కొట్టేసి, గోప్యత ప్రాథమిక హక్కు కాదంది. మన రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు అంతటితో ఊరుకోలేదు. వెంటాడే నిఘా ఉన్నంతకాలం స్వేచ్ఛ ఎక్కడిదని, నిఘాకు వీలిచ్చిన పోలీసు నిబంధన మొత్తం చెల్లదని రాశారు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత హక్కును గుర్తించినప్పుడు నిలిచింది సుబ్బారావు వాదనే.

అన్ని అసమ్మతులకూ ఇంత అదృష్టం ఉండదు, చాలావాటిని ఎవరూ తిరగేయరు. చదివేటప్పుడు మాత్రం ముందు ఒక్కటి చూడండి: పేచీ వాస్తవాల మీదా, చట్టానికి చెప్పిన అర్థం మీదా? రెండోదైతేనే తర్వాతి కేసుల్లో పనికొచ్చే అవకాశం ఎక్కువ.