సర్వేకి వెళ్లినవాళ్లు ఏ డాల్ఫిన్ ఏదో ఎలా గుర్తుపడతారు?

వీపు మీది రెక్కను చూసి. అమెరికాలో ఫ్లోరిడా తీరాన, సరసోటా బేలో 1970 నుంచి డాల్ఫిన్ల మీద పరిశోధన నడుస్తోంది. చిన్న బోటులో మెల్లగా వెళ్తూ తలో దిక్కూ చూస్తారు. కనబడగానే టైము, చోటు, గుంపులో ఎన్ని ఉన్నాయి అన్నీ రాసుకుంటారు.

అసలు కష్టం ఫోటోది. ఊపిరి కోసం డాల్ఫిన్ పైకొచ్చేది క్షణంసేపే. ఆలోపు రెక్క పక్కనుంచి స్పష్టంగా పడాలి. రెక్క వెనక అంచు పల్చన, అందుకే గాట్లు, చిరుగులు ఎక్కువగా అక్కడే పడతాయి. ఏళ్లు గడిచినా పోవు. మన వేలిముద్రల్లాంటివే అనుకోండి. ఒడ్డుకొచ్చాక పాత ఫోటోలతో ఒక్కొక్కటీ పోల్చుకోవాలి, దానికి చాలా ఓపిక కావాలి.

పసిపిల్లల రెక్కకు సాధారణంగా గాట్లుండవు. అవి ఏ తల్లిని అంటిపెట్టుకుని ఈదుతున్నాయో చూస్తారు. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇదే: అలా చూస్తూ చూస్తూ అక్కడ కనీసం ఐదు తరాల డాల్ఫిన్లను గుర్తించారు.