పీఎంపీ కోచింగ్ కోసం ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయి బీటెక్ మెకానికల్ చదివి, రెండేళ్లుగా అచ్యుతాపురంలో ఒక ఫ్యాబ్రికేషన్ కాంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజినీరుగా చేస్తున్నాడు. మూడు నెలలు క్లాసులకు వస్తే పీఎంపీ సర్టిఫికెట్ గ్యారంటీ అని, దాంతో గల్ఫ్‌లో మేనేజర్ ఉద్యోగం దొరుకుతుందని ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు చెప్పారట. ఉద్యోగం మానేసి చేరతానంటున్నాడు. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, ఉద్యోగం మాత్రం మాననివ్వకండి. పీఎంపీ అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్, ప్రాజెక్టులు నడిపించేవాళ్లు పరీక్ష రాసి తెచ్చుకునే సర్టిఫికెట్. దానికి ముందుగా అడిగేది అనుభవం. అది మీ అబ్బాయికి ఇప్పుడు చేస్తున్న పనిలోనే వస్తుంది, ఏ క్లాసులోనూ రాదు.

పీఎంపీ ఇచ్చేది ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్. దాన్నే పీఎంఐ అంటారు. 1969లో అమెరికాలో మొదలైన సంస్థ ఇది. బీటెక్ చదివినవాళ్లు ఈ పరీక్షకు దరఖాస్తు చేయాలంటే 36 నెలల పాటు ప్రాజెక్టులు నడిపించిన అనుభవం చూపాలి. దానితోపాటు 35 గంటల శిక్షణ కావాలి. 35 గంటలంటే కొన్ని ఆదివారాల్లో అయిపోతుంది, ఆన్‌లైన్‌లో కూడా చేయొచ్చు. దానికోసం నెలనెలా వచ్చే జీతం వదులుకోవడంలో అర్థం లేదు. పైగా రెండేళ్ల అనుభవంతో మీ అబ్బాయి ఇప్పుడే దరఖాస్తు చేయలేడు. ఈ సంగతి ఆ సెంటర్ వాళ్లు ముందే చెప్పి ఉండాల్సింది.

అనుభవం అంటే ఏది లెక్కలోకి వస్తుందన్న దగ్గరే చాలామంది పొరబడతారు. చేతిలో ప్రాజెక్ట్ మేనేజర్ అనే హోదా ఉండనక్కర్లేదు. కానీ మొదలూ ముగింపూ ఉన్న పనిలో బాధ్యత తీసుకుని ఉండాలి. ఉదాహరణకు, స్టీల్‌ప్లాంట్‌లో రోజూ చేసే మెయింటెనెన్స్ ప్రాజెక్టు కాదు. అదే ప్లాంట్‌లో ఒక యూనిట్‌ను ఆపి, కొత్త పరికరాలు బిగించి, ఫలానా తేదీకి మళ్లీ నడపాలంటే అది ప్రాజెక్టే. మీ అబ్బాయి ఒక ట్యాంకు ఫ్యాబ్రికేషన్‌కు షెడ్యూలు వేసి, వెల్డర్లను సర్దుకుని, ఇన్‌స్పెక్షన్ చేయించి, క్లయింటుకు అప్పగించి ఉంటే ఆ నెలలు పనికొస్తాయి. పైవాళ్లు చెప్పింది చేసుకుపోయిన నెలలు పనికిరావు. ఒకే సమయంలో రెండు ప్రాజెక్టులు చూసినా ఆ నెలలను ఒక్కసారే లెక్కిస్తారు.

అనుభవం మేమే ‘సెట్ చేస్తాం’ అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. కొన్ని దరఖాస్తులను పీఎంఐ ఆడిట్‌కు తీస్తుంది. అప్పుడు డిగ్రీ, శిక్షణ పత్రాలతోపాటు, ఆయా ప్రాజెక్టులు తెలిసినవాళ్లు ఆ అనుభవాన్ని ధ్రువీకరించాలి. అబద్ధం బయటపడితే ఆ పిల్లాడికి ఈ దారి పూర్తిగా మూసుకుపోవచ్చు.

అలాగని శిక్షణ దండగ అనడం లేదు. పరీక్షలో 180 ప్రశ్నలుంటాయి, దాదాపు నాలుగు గంటలు కూర్చోవాలి. ‘టీములో ఇద్దరికి పడటం లేదు, ముందు ఏం చేస్తావు’ లాంటి ప్రశ్నలే ఎక్కువ. సగమో, అంతకంటే ఎక్కువో ఎజైల్ (పనిని చిన్న విడతలుగా చేస్తూ, అవసరాన్ని బట్టి మార్చుకుంటూ వెళ్లడం), హైబ్రిడ్ (దాన్నీ, ముందే ప్లాన్ వేసుకునే పాత పద్ధతినీ కలిపి వాడటం) పద్ధతుల మీద వస్తాయి. రుషికొండలో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లకు అవి రోజూ నలిగే మాటలు. ఫ్యాబ్రికేషన్ యార్డులో పెరిగిన కుర్రాడికి కొత్త. మంచి టీచర్ అక్కడే కావాలి. సెంటర్ పీఎంఐ గుర్తింపు పొందిన శిక్షణ భాగస్వామి అవునో కాదో పీఎంఐ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఆ గుర్తింపు తప్పనిసరి కాదు గానీ, ఇచ్చే సర్టిఫికెట్‌పై గంటలు స్పష్టంగా ఉండాలి. పాస్ గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

ఇప్పుడే ఏదో ఒకటి చేయాలన్న ఆత్రం అబ్బాయికి ఉంటే సీఏపీఎం అనే తొలిమెట్టు సర్టిఫికెట్ పరీక్ష రాయొచ్చు. అదీ పీఎంఐదే. అనుభవం అడగరు, 23 గంటల శిక్షణ చాలు. 150 ప్రశ్నలు, మూడు గంటలు. అది చేతిలో ఉంటే రేపు పీఎంపీకి అడిగే 35 గంటల శిక్షణ మళ్లీ అక్కర్లేదు. అయితే గల్ఫ్ మీదే మనసుంటే నా ఓటు ముందు ప్రైమవెరాకే, అంటే ప్రాజెక్టు షెడ్యూళ్లు వేసే సాఫ్ట్‌వేర్‌కే. షెడ్యూలు వేయడం వచ్చిన సైట్ ఇంజినీరు ప్లానింగ్ వైపు వెళ్లగలడు. అక్కడ చేసే పని పీఎంపీ అనుభవానికీ అక్కరకొస్తుంది.

ఈ వారమే ఒక పని మొదలుపెట్టమనండి. ఇప్పటిదాకా చేసిన ఒక్కో ప్రాజెక్టు పేరు, మొదలైన నెల, ముగిసిన నెల, తను తీసుకున్న బాధ్యత ఒక పుస్తకంలో రాసుకోవాలి. పక్కనే ఆ పని చూసిన సూపర్‌వైజర్ ఫోన్ నంబరు, సొంత మెయిల్ ఐడీ కూడా. కాంట్రాక్టు పనుల్లో ఇంజినీర్లు ఏడాదికొక చోటికి మారిపోతుంటారు, కంపెనీ మెయిళ్లు వాళ్లతోపాటే పోతాయి.