ఏడో నెల.. నడుస్తుంటే తూలుతున్నాను, వాకింగ్ చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 27. తొలి కాన్పు, ఇప్పుడు ఏడో నెల. ఇంటి నుంచే ఐటీ ఉద్యోగం. మీటింగులతో రాత్రి ఒంటిగంట దాటుతుంది. ఆ తర్వాత కూడా నాలుగైదు గంటలకు మించి నిద్ర పట్టదు. ఈమధ్య నడుస్తుంటే తూలిపోతున్నట్టు ఉంటోంది. మొన్న మెట్లు దిగుతూ పడబోయి రెయిలింగ్ పట్టుకున్నాను. వాకింగ్‌కు వెళ్తానంటే అత్తయ్య వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
- ఓ సోదరి, హైదరాబాద్

జవాబు: ముందు ఒక్క విషయం తేల్చుకోండి. మీకు కళ్లు తిరుగుతున్నాయా, లేక అడుగు కుదురుగా పడటం లేదా? కళ్లు తిరుగుతుంటే ఈ వారమే బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత ఉన్నట్టే. మన దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా ఈ సమస్య ఉంది. ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోండి.

అడుగు కుదరకపోవడం ఈ నెలల్లో చాలామందికి ఉండేదే. పొట్ట పెరిగేకొద్దీ బరువు ముందుకు జరుగుతుంది, దాన్ని ఆపడానికి నడుం వెనక్కి వంగుతుంది. హార్మోన్ల ప్రభావంతో కటి కీళ్లు వదులవుతాయి. మెట్టు దిగేటప్పుడు పొట్ట అడ్డొచ్చి పాదం కనిపించదు.

మీ విషయంలో దీనికి నిద్రలేమి తోడైంది. కళ్లు, లోపలి చెవి, అరికాళ్ల నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు కలుపుకొని మనల్ని నిలబెడుతుంది. నిద్ర చాలకపోతే ఆ పని మందగిస్తుంది. కాలు జారినప్పుడు సర్దుకోవడానికి ఉండేది క్షణమే, అదీ చేజారుతుంది. అందుకే మీ మేనేజర్‌తో మాట్లాడి రాత్రి మీటింగులు తగ్గించుకోండి. ఈ విషయంలో మొహమాటపడొద్దు. మొత్తం మీద ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలి. మధ్యాహ్నం కాసేపు కునుకు తీసినా మంచిదే. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. రాత్రి బాత్‌రూమ్‌కు లేచేటప్పుడు మంచం అంచున నిమిషం కూర్చుని, లైటు వేసుకుని వెళ్లండి. తడి బాత్‌రూమ్ మెట్ల కంటే తక్కువ ప్రమాదమేమీ కాదు.

ఇక వ్యాయామం. రక్తస్రావం, మాయ కిందికి ఉండటం, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయడం, బీపీ ఎక్కువగా ఉండటం వంటివి లేకపోతే నడక మీకు మేలే చేస్తుంది. కాళ్లకు, నడుముకు బలం వస్తే తూలడం తగ్గుతుంది, రాత్రి నిద్ర కూడా పడుతుంది. మొదట రోజూ పది నిమిషాలు నడవండి. మెల్లగా అరగంటకు, వారంలో ఐదు రోజులకు పెంచండి. నడుస్తూ మాట్లాడగలిగేంత వేగం చాలు. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం రోజుకు పదేసి సార్లు చేయండి. కాలికి పట్టి ఉండే చెప్పులే వేసుకోండి.

అత్తయ్యగారి భయం మీ మీద ప్రేమతోనే. వచ్చే చెకప్‌కు ఆవిడను కూడా వెంట తీసుకెళ్లండి, డాక్టరు నోట వింటే ఆవిడకూ ధైర్యం వస్తుంది.

ఒకవేళ ఎప్పుడైనా పడితే, నొప్పి లేకపోయినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. బ్లీడింగ్, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం ఉంటే గంట కూడా ఆగొద్దు. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూప్ అయితే ఆ సంగతి అక్కడ తప్పక చెప్పండి. బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా మీ ఒంట్లో యాంటీబాడీలు తయారు కాకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమైతే, అది 72 గంటల్లోపు పడాలి.