డబ్బు అడగని ఉత్తరాలు కూడా రాయండి

మీ సంస్థకు మొదటిసారి విరాళం ఇచ్చినవాళ్లు రెండోసారి ఇవ్వడం లేదని, నెలనెలా న్యూస్‌లెటర్ పంపుతున్నా ఉలుకూ పలుకూ లేదని మీరు రాశారు. మాకూ ఇలాగే జరిగింది.

మేం పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే చిన్న సంస్థ నడుపుతున్నాం. మూడో ఏడు సగం మంది దాతలు ఆగిపోయారు. టెన్షన్ పడి ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. ఒక రిటైర్డ్ టీచరు గారు నెమ్మదిగా అన్నారు: "మీ దగ్గర్నుంచి మెసేజ్ వస్తే డబ్బు కోసమేనని తెలిసిపోతోందమ్మా. పోయినసారి ఇచ్చింది ఏమైందో ఎవరూ చెప్పలేదు." ఫోన్ పెట్టేసి ఫైలు తీసి చూశాను. ఆ ఏడాది ఆవిడకు నాలుగే మెసేజ్‌లు పంపాం. మూడు విరాళం అడుగుతూ, ఒకటి రసీదు.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. డబ్బు అందిన రెండు రోజుల్లోపు ఒక మనిషి ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పాలి. ఆ కాల్‌లో ఇంకేమీ అడగకూడదు, "మా పని మీకెందుకు నచ్చింది?" అని తప్ప. వాళ్లు చెప్పింది పేరు పక్కన రాసుకుంటాం. తర్వాత రాసే ఉత్తరం దాన్నిబట్టే ఉంటుంది.

ఉత్తరంలో పెద్ద మాటలు మానేశాం. "ఎందరో పిల్లల జీవితాల్లో వెలుగులు" లాంటివి ఎవరికీ గుర్తుండవు. "గదిలో రెండు ట్యూబులైట్లు వేయించాం. వెనక వరస పాప ఇప్పుడు పుస్తకం ముఖానికి ఆనించుకోకుండా చదువుతోంది" అని రాస్తే, చాలామంది ఆ పాప గురించే అడిగారు. పేరు, ఫోటో మాత్రం తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే వేస్తాం. ఈ విషయంలో రాజీ పడకండి.

అనుకున్నది జరగకపోయినా చెప్పండి. ఒకసారి పిల్లల హాజరు బాగా పడిపోయింది. ఎందుకు పడిపోయిందో, ఏం చేస్తున్నామో దాచకుండా రాశాం. భయపడుతూనే పంపాను. అంతకుముందు ఏ ఉత్తరానికీ రానన్ని జవాబులు దానికొచ్చాయి.

నెలకోటి రాయలేకపోతే మూడు నెలలకోటి చాలు, కానీ చెప్పిన నెలలో పంపండి. వాట్సాప్ గ్రూపులో అందరినీ కలిపేస్తే ఒకరి నంబరు ఇంకొకరికి తెలిసిపోతుంది. ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టు మేలు. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ అందుతుంది కాబట్టి, మొదటి ఫోన్‌లోనే ఆ మాట చెప్పండి. విరాళం అడిగే మెసేజ్ పంపేముందు, మొన్ననే ఇచ్చినవాళ్లను లిస్టులోంచి తీసేయండి.

ముందుగా పోయినేడు ఇచ్చి ఈ ఏడు ఇవ్వని పదిమందికి ఫోన్ చేయండి. డబ్బు ఊసెత్తకుండా, వాళ్లిచ్చిన దాంతో ఏం చేశారో చెప్పండి. ఆ టీచరు గారికి నేను రెండోసారి ఫోన్ చేసింది అందుకే. ట్యూబులైట్ల సంగతి విని, "ఆ పాప ఇప్పుడు ఏ క్లాసు?" అని అడిగారు.