శివరాత్రి దాటాక గోదావరిలో గాలం ఎప్పుడు వేయాలి?

ప్రశ్న: మాది కొవ్వూరు. కార్తీకంలో చేపలు పడిన రేవులోనే ఇప్పుడూ గాలం వేస్తున్నాను. చీకటితో వెళ్లి ఎండెక్కేలోగా వచ్చేస్తాను. బెండు కదలడం లేదు. చేపలు తగ్గిపోయాయా, నా ఎరలో లోపమా?

చేపలు ఉన్నాయి, ఎరా బాగానే ఉంది. మీరు వెళ్లే వేళే ఈ నెలకు సరిపడదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటాం. అది గాలి సంగతి. రాత్రి చలి ఇంకా మిగిలి ఉన్న ఈ రోజుల్లో గట్టు పక్కన లోతు తక్కువ ఉన్న నీరు తెల్లవారేసరికి బాగా చల్లబడి ఉంటుంది. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు వెచ్చని నీటి చేపలు. నీరు 25 నుంచి 30 డిగ్రీలున్నప్పుడు హుషారుగా మేస్తాయి, 20 డిగ్రీలకు దిగితే మేత తగ్గించేస్తాయి. ఒంట్లో సొంత వేడి లేని ప్రాణికి నీరు వెచ్చబడితేనే ఆకలి పుడుతుంది. కాబట్టి ప్రస్తుతానికి ఉదయం పదింటికి వెళ్లి సాయంత్రం నాలుగు దాకా కూర్చోండి. ఉగాది నాటికి ఇది తిరగబడుతుంది. మధ్యాహ్నం గట్టు నీరు కాగిపోయి చేప లోతుకు జారుకుంటుంది. అప్పుడు మీ తెల్లవారుజామే మేలు.

మా నాన్న గాలం విప్పేముందు మోకాలి లోతు నీటిలోకి దిగి కాసేపు నిలబడేవారు. కాళ్లు జివ్వుమంటే గట్టెక్కి, ఎండ నీళ్లకు పట్టేదాకా వలలు బాగుచేసుకునేవారు. ఇప్పుడు చిన్న థర్మామీటరును దారానికి కట్టి వదిలితే అడుగు నీటి వేడి కూడా తెలిసిపోతుంది.

ఇక చోటు. కార్తీకంలో నది ఇంకా నిండుగా ఉంటుంది. ఇప్పుడు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిని నిలిపి దాళ్వా వరికి కాలువల్లోకి మళ్లిస్తున్నారు. పైనుంచి వచ్చే ధార సన్నబడింది. సీలేరు విద్యుత్కేంద్రాల నుంచి శబరి మీదుగా దిగే నీరే ఈ రోజుల్లో పెద్ద ఆదరువు. అందువల్ల మట్టం ఒకరోజు బెత్తెడు పెరుగుతుంది, మరో రోజు తగ్గుతుంది. వెళ్లగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పెట్టండి. పుల్ల మునుగుతుంటే చేప కొత్తగా తడిసిన గట్టు వైపు మేతకు వస్తుంది, అక్కడే వేయండి. పుల్ల కింద తడి ఇసుక బయటపడుతుంటే చేప పాయ నడుమ లోతుకు వెళ్లిపోతుంది, మీరూ అటు జరగాలి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే ఖరీదైన గాలాలతో పని ఉండదు.

నీరు తేటబడటం ఇంకో చిక్కు. అడుగున ఇసుక మీకు కనిపిస్తోందంటే చేపకు మీరూ కనిపిస్తున్నట్టే. సన్నని దారం, చిన్న ముల్లు వాడండి. మీ నీడ నీటి మీద పడని వైపు కూర్చోండి. నీటిపై గీతలు పడేంత గాలి వీస్తే అది మంచి రోజు. శీలావతికి, ఎర్రమోసుకు తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్దను అడుగుకు దించాలి. బొచ్చె పైనీటిలో మేస్తుంది కాబట్టి దానికి బెండు కింద దారం పొట్టిగా ఉంచండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఎండలు ముదిరి లంకల మధ్య పాయలు తెగి మడుగులు మిగిలినప్పుడు మందు కలిపేవాళ్లు, కరెంటు తీగ వేసేవాళ్లు బయలుదేరతారు. విషంతో, పేలుడు మందుతో చేపలు పట్టడం 1897 చట్టం నాటి నుంచీ నేరమే. ఆ మడుగుల్లో బతికి బయటపడిన చేపే ఆషాఢ శ్రావణాల వరదలో గుడ్లు పెడుతుంది. దాన్ని ఇప్పుడే చంపితే వచ్చే ఏడు మీ బెండు నిజంగానే కదలదు. కంటపడితే మత్స్యశాఖ వారికి, పోలీసులకు చెప్పండి.

ప్రశ్న: మాది యానాం. అష్టమి, నవమి నాడు పండుగప్ప పడదని మా పెద్దలు గాలం ముట్టుకోరు. ఇది మూఢనమ్మకమే కదా?

కాదండీ, మీ పెద్దల మాట నిజం. ఎగువ నుంచి మంచినీరు తగ్గిన ఈ నెలల్లో మీ దగ్గర గౌతమి పాయను నడిపేది సముద్రమే. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రుల లాగుడు ఒకే వరుసలో ఉండి పోటు పెద్దదవుతుంది. అష్టమి ప్రాంతంలో అవి అడ్డంగా లాగడంతో పోటు నీరసిస్తుంది, ఆ నీరసం ఒకటి రెండు రోజులు సాగుతుంది. మడచెట్ల మధ్య కాలువల్లోంచి నీరు వెనక్కి తీసేటప్పుడు దాంతోపాటు వచ్చే చిన్న చేపల కోసం, రొయ్యల కోసం పండుగప్ప కాలువ మొగలో కాపు వేస్తుంది. నీరే కదలని నాడు దానికి అక్కడ పనేముంటుంది? పౌర్ణమి తరువాతి రెండు రోజుల్లో, నీరు తీయడం మొదలైన వేళకు వెళ్లి చూడండి. ఆనకట్టకు పైనున్న కొవ్వూరు పాఠకులు మాత్రం తిథి చూడనక్కర్లేదు, పోటు అక్కడిదాకా ఎక్కదు.

ప్రశ్న: అమెరికాలోని టొలీడోలో ఉంటున్నాం. మార్చిలో ఇక్కడి మౌమీ నదిలో వాలై చేపల కోసం జనం నడుములోతున నిలబడతారు. మేమూ ఎప్పుడు వెళితే మంచిది?

మా అబ్బాయిని చూడటానికి వచ్చినప్పుడు పెర్రీస్‌బర్గ్ దగ్గర ఆ సందడి చూశాను. మన చేప వరదకు గుడ్లు పెడితే ఆ చేప మంచు కరిగే చన్నీటిలో పెడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎరీ సరస్సు నుంచి నదిలోని రాళ్ల మడవలకు ఎదురెక్కుతుంది. నీరు సుమారు 42 నుంచి 52 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నప్పుడు జోరు ఎక్కువ. మగవి ముందు వస్తాయి. పెద్ద వాన పడితే పొలాల మట్టితో నీరు బురదగా మారి ఉధృతం అవుతుంది, ఆ రోజు దిగవద్దు. మట్టం తగ్గి నీరు కాస్త తేరుకున్నాక వెళ్లండి. ఆ చలిలో కాలు జారితే నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి కనుక లైఫ్‌జాకెట్ లేకుండా పిల్లలను దింపకండి. 16 ఏళ్లు నిండినవారికి లైసెన్సు తప్పనిసరి. ఆ కాలంలో అక్కడ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే వేట. ముల్లు నోటికి కాక ఒంటికి గుచ్చుకున్న చేపను వెంటనే వదిలేయాలి.