కారు డోర్లు ఊడదీసే అబ్బాయిని సీఎస్‌ఈలో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. మా పాత స్విఫ్ట్ డోర్ ప్యాడ్లు ఊడదీసి లోపల ఏవో నల్ల షీట్లు అంటించాడు, అవీ అక్కడో ముక్క ఇక్కడో ముక్క. పని సగంలో వదిలేసే గుణం. డిక్కీలో సబ్‌వూఫర్‌కి (బేస్ మోగించే పెద్ద స్పీకర్) బాక్సు చేసి, బాగాలేదని పగలగొట్టి మళ్లీ ఇంకోటి చేశాడు. సెలవు వస్తే కార్ డెకార్స్ షాపులోనే ఉంటాడు, ఆ పనే నేర్చుకుంటానంటాడు. నేను మేనేజ్‌మెంట్ కోటాలో అయినా సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్‌లో వేద్దామనుకుంటున్నా. రెండింట్లో ఏది మేలు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సార్, పోల్చి చెప్పమన్నారు, చెప్తాను. కానీ మీ టెన్షన్ కోర్సు గురించి కాదనిపిస్తోంది. వాడు షాపులో వైర్లు కలుపుతూ ఉండిపోతే చుట్టాలకి ఏం చెప్పాలి అన్నదే మీ బాధ. బండ్ల పిచ్చి, కెమెరా పిచ్చి, డ్రోన్ల పిచ్చి ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇదే భయంతో వస్తారు. ముందు ఆ భయం పక్కన పెట్టండి, ఎందుకంటే మీరు తప్పులుగా రాసిన రెండూ నాకు తప్పుల్లా కనబడలేదు.

ఆ నల్ల షీట్లు బ్యూటైల్ రబ్బరు, పైన అల్యూమినియం ఫాయిల్ ఉంటుంది. స్పీకర్ మోగినప్పుడు డోరు రేకు వణుకుతుంది, ఆ వణుకును రబ్బరు పీల్చుకుని వేడిగా మార్చేస్తుంది. దీనికి రేకు మొత్తం కప్పక్కర్లేదు. వేలితో కొడితే ఖంగుమనే చదునైన చోట్ల పావు వంతు అంటించినా మోత చాలావరకు పోతుంది. మొత్తం అంటిస్తే బరువూ బిల్లూ పెరిగినంతగా ఫలితం పెరగదు. అంటే మీవాడు పని సగంలో వదల్లేదు, మీ డబ్బు మిగిల్చాడు. కావాలంటే ఒకటి అడిగి చూడండి: డోరు లోపలి పెద్ద కంతలు మూశావా, అడుగున చిన్న కంతలు వదిలావా అని. పెద్దవి మూయకపోతే స్పీకర్ వెనక వైపు శబ్దం ముందు శబ్దంతో కలిసి బేస్‌ను కొట్టేస్తుంది. చిన్నవి మూస్తే వాన నీళ్లు పోయే దారి లేక డోరు తుప్పు పడుతుంది. ఈ రెండూ వాడు విడమరచి చెప్పగలిగితే ఆ విషయం నిజంగా చదివాడని అర్థం.

ఇక బాక్సు. ప్రతి సబ్‌వూఫర్‌కీ దాని స్వభావం చెప్పే ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని కొన్ని అంకెలుంటాయి, థీల్, స్మాల్ అనే ఇద్దరు ఇంజినీర్లు 1960, 70ల్లో రూపొందించిన లెక్కల్లో వాటిని వేస్తే బాక్సు ఎన్ని లీటర్లుండాలో తేలుతుంది. పూర్తిగా మూసిన బాక్సులో ఒక ఫ్రీక్వెన్సీ హద్దు కిందకు వెళ్లాక బేస్ ఆక్టేవ్‌కు, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. పోర్టు (గాలి వెళ్లే గొట్టం) పెట్టిన బాక్సు ఆ హద్దు దాకా గట్టిగా మోగి, కిందకు వెళ్లేసరికి 24 చొప్పున పడిపోతుంది. చిన్న కారులో ఇరుకు క్యాబినే లోతైన బేస్‌ను కొంత పెంచుతుంది కాబట్టి మూసిన బాక్సు చక్కగా కుదురుతుంది. మీవాడు మొదటిది విని, ఎక్కడో లెక్క తేడా కొట్టిందని గుర్తుపట్టి, మళ్లీ చెక్క కోశాడు. ఇంటర్ ఫిజిక్స్‌లో రెజొనెన్స్ మీద ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకునే పిల్లల్లో చాలామంది ఈ పని చేయలేరు. మీరు దాన్ని పగలగొట్టడం అంటున్నారు సార్, అది నాకు నచ్చలేదు. వాడిని ఒక్కసారైనా కారులో కూర్చుని ఇది ఎందుకు మార్చావురా అని అడిగారా?

ఏఐ-ఎంఎల్ మీద నా అనుమానాలు దాచుకోను. మన కాలేజీలు ఈసీఈ, మెకానికల్, సివిల్ సీట్లు తగ్గించుకుని సీఎస్‌ఈ సీట్లు పెంచుకుంటూ పోయాయి. సీట్లు పెరిగినంత వేగంగా మంచి అధ్యాపకులు పెరగరు. పేరులో ఏఐ ఉన్నా చాలాచోట్ల అది నాలుగైదు పేపర్లు మారిన సీఎస్‌ఈయే, దానికి మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోస్తారు, తీరా నాలుగేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో అడిగేది వాడు సొంతంగా ఏం రాశాడు, ఏం కట్టాడు అనే. కోడ్ మీద మనసున్న పిల్లాడికి అది మంచి దారే, నేను కాదనను. చేతిలో మల్టీమీటర్ ఉంటే తప్ప కుదురుగా కూర్చోని పిల్లాడిని అందులో తోసి, బ్యాక్‌లాగ్‌లు వచ్చాక నా దగ్గరకు తీసుకొస్తే నేను చేయగలిగేది తక్కువ.

అలాగని షాపు పనే చాలు అని కూడా చెప్పను, ఇది అబ్బాయికి చదివి వినిపించండి. ఇప్పుడు కియా సెల్టోస్‌లో బోస్ లాగా మంచి సౌండ్ సిస్టమ్ ఫ్యాక్టరీ నుంచే వచ్చేస్తోంది. తెర మీదే ఏసీ, కెమెరా అన్నీ ఉంటాయి కాబట్టి పాత రోజుల్లాగా స్టీరియో పీకి కొత్తది పెట్టడం కుదరదు, వైరు కోస్తే వారంటీ గొడవ. ఫ్యాక్టరీ సిగ్నల్ తీసుకుని డీఎస్పీతో సరిచేయగలవాడికే ముందు ముందు పని. డీఎస్పీ అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, అది ఈసీఈ సిలబస్‌లోనే ఉంటుంది.

కాబట్టి నా మాట ఈసీఈ, లేదంటే మెకానికల్. ర్యాంకు సంగతి, కౌన్సెలింగ్ సంగతి మీకు తెలిసిందే. కార్ల కంపెనీల్లో ఎన్‌వీహెచ్ అని ఒక విభాగం ఉంటుంది, శబ్దం, వణుకు, కుదుపు తగ్గించడమే వాళ్ల పని, అంటే మీవాడు డోరులో చేసిందే కొలతలతో, పరికరాలతో చేస్తారు. ఎలక్ట్రిక్ కారులో ఇంజిన్ చప్పుడు లేక టైరు మోత, గాలి మోత ఎక్కువ వినిపిస్తాయి కాబట్టి వీళ్ల అవసరం తగ్గేది కాదు. పుణెలో వాహనాల పరిశోధన సంస్థ ఏఆర్ఏఐకి ఎన్‌వీహెచ్ ల్యాబ్ ఉంది, కార్ ఆడియో కంపెనీ హర్మన్ వాళ్లు బెంగళూరు, పుణెల్లో ఉన్నారు, హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది. ప్రైవేటు సౌండ్ ఇంజినీరింగ్ డిప్లొమాల జోలికి మాత్రం పోకండి, అవి ఎక్కువగా స్టూడియో రికార్డింగ్ నేర్పేవి, మీవాడికి కావలసింది అది కాదు. వేసవి సెలవుల్లో షాపుకు వెళ్లనివ్వండి, పరీక్షల ముందు వద్దనండి, ఆ మాత్రం కట్టడి చాలు.

ఈ ఆదివారం బానెట్ ఎత్తించి, బ్యాటరీ నుంచి యాంప్లిఫైయర్‌కి వెళ్లే వైరు మీద ఫ్యూజ్ ఎక్కడుందో చూపించమనండి. బ్యాటరీకి మూరెడు దూరం లోపే ఉండాలి, వైరు రేకులోంచి దూరే చోట రబ్బరు బుష్ ఉండాలి, లేకపోతే రాసుకుని షార్ట్ అయి మంటలొస్తాయి. అవి లేకపోతే గట్టిగా తిట్టండి, ఆ రోజే పెట్టించండి. ఉంటే అక్కడే నిలబడి ఈసీఈ మాట ఎత్తండి.