జపాన్ కార్టూన్ సీరియల్ నరుటోలో 135వ ఎపిసోడ్ తర్వాత కథ ఎందుకు కదలదు?
పాలకొల్లులో మా మేనల్లుడూ ఇదే అడిగాడు, 135 దాకా ఊపేసి ఆ తర్వాత ఈ గోలేంటి మావయ్యా అని. అదంతా ఫిల్లరండీ, అంటే అసలు కథలో లేని అతుకు ఎపిసోడ్లు. అసలు కథ మాంగా, అంటే బొమ్మల కథ, అప్పట్లో వారానికి ఒక చిన్న చాప్టరే వచ్చేది, 2002లో మొదలైన అనిమే, అంటే ఈ టీవీ కార్టూన్, దాన్ని దాదాపు అందుకునేసింది, మన డెల్టాలో వేసవికి కాలవలు కట్టేసినట్టు కొన్నాళ్లు ఆపేయొచ్చు గానీ టీవీ స్లాట్ పోద్ది కదా, అందుకే 220 దాకా దాదాపు అన్నీ సొంత కథలే అల్లేశారు. వీటిలో మెయిన్ క్యారెక్టర్లు చావరు, మారరు, ఎందుకంటే అసలు కథ మాంగా రాసిన కిషిమోటో చేతిలో ఉండేది. అలాగని ఫిల్లరన్నీ చెత్త కాదు, 101వ ఎపిసోడ్‌లో ఎప్పుడూ మాస్క్‌తోనే ఉండే గురువు కకాషీ మొహం చూద్దామని పిల్లలు నానా తంటాలు పడితే చివరికి మాస్క్ కింద ఇంకో మాస్క్, అది మాత్రం వదలొద్దు. వన్ పీస్ అనే ఇంకో అనిమేలో ఫిల్లర్ తక్కువే గానీ ఒక్క చాప్టర్ని ఎపిసోడంతా సాగదీస్తారు, నాకైతే అదే ఎక్కువ చిరాకు.